కివీ పందిరి కింద

డాక్టర్ చాముండేశ్వరికి మొక్కలంటే పెద్ద ఇష్టం ఉండేది కాదు. అయిష్టమూ లేదు. నార్త్ కెరొలైనాలోని క్యారీలో వాళ్ళింటి వెనక ఉన్న పెరడంతా భర్త పద్మనాభానిది. వంటింటి కిటికీలోంచి దాన్ని చూస్తూ రెండు గుక్కలు కాఫీ తాగి ఆస్పత్రికి పరుగెత్తడం వరకే ఆవిడకు తోటతో సంబంధం.

ఆవిడ పాథాలజిస్టు. ఎవరి ఒంట్లోంచో కోసి తెచ్చిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి, అందులో రోగం ఉందో లేదో చెప్పడం ఆవిడ పని. ఆపరేషన్ మధ్యలో సర్జన్లు ఫోన్ చేసి అడిగితే "ఉంది" అనో "లేదు" అనో ఒక్క మాటలో తేల్చేసేది. "ఏమో, కావచ్చు" అనే మాట ఆవిడ నోట ఎవరూ వినలేదు. ఇంట్లోనూ అదే తీరు. ఎవరైనా తారీఖు తప్పు చెప్పినా, ఊరి పేరు తప్పు పలికినా అక్కడికక్కడే దిద్దేది. క్యారీలో తెలుగువాళ్ళు కలిసి భోజనాలు చేసే చోట "చాముండేశ్వరి గారున్నారు, చూసుకుని మాట్లాడండి" అని నవ్వుకునేవాళ్ళు. ఆవిడ కూడా వాళ్ళతోపాటు నవ్వేది గానీ, అలవాటు మానుకోలేదు.

పద్మనాభం దీనికి పూర్తిగా వేరు. తెనాలి మనిషి, వాల్తేరులో కెమిస్ట్రీ చదివాడు. డెబ్బైల మొదట్లో పెళ్ళి చేసుకుని, ఇద్దరూ ఒకే విమానంలో అమెరికా వచ్చారు. ఒహాయోలో కొన్నాళ్ళు, బఫెలో మంచులో కొన్నాళ్ళు ఉండి, చివరికి ఇక్కడి రీసెర్చ్ ట్రయాంగిల్ అనే పరిశోధన సంస్థల పేటలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో కుదురుకున్నారు. అంటే, ఆయన కుదురుకున్నాడు, ఆవిడ రాలీలో ఆస్పత్రి చూసుకుంది. అన్నేళ్ళు ఆయన చేతిమీదుగా తయారైన పదార్థాల్లో ఒక్కటీ మందై బజారుకు రాలేదు. ఆ దిగులు ఆయన మొహంలో ఎవరూ చూడలేదు. "నూరు చేస్తే ఒకటి నిలుస్తుంది. ఆ ఒకటి ఇంకెవరి లాబ్‌లోనో ఉంటుంది" అనేవాడు.

రిటైరైన ఏడు చలికాలం, లోపలికి తేవడం ఒక్క రాత్రి మరిచిపోయినందుకు, కుండీలో అపురూపంగా పెంచిన కరివేపాకు చెట్టు మాడిపోయింది. అప్పుడు ఆయనకు పట్టుదల వచ్చింది. ఈ దేశపు చలికి చావనిది, పాకేది, కాసేది ఒకటి పెంచాలి. ఎక్కడెక్కడో వెతికి, 2003 మార్చిలో పోస్టులో ఒక పొడుగాటి అట్టపెట్టె తెప్పించాడు. అందులో చీపురుపుల్లల్లాంటి మూడు కొమ్మలున్నాయి.

"ఇదేమిటి?" అంది చాముండేశ్వరి.

"హార్డీ కివీ. ఇవి రెండూ ఆడవి, ఇది మగది. మగది లేకపోతే ఆడవి కాయవు."

"బజార్లో దొరుకుతాయిగా కివీలు."

"అది బొచ్చు కివీ. ఇది ద్రాక్షపండంత ఉంటుంది, నున్నగా. తొక్కతో సహా నోట్లో వేసుకోవడమే."

"ఎప్పుడు కాస్తుంది?"

"నాలుగేళ్ళు. ఐదు పట్టొచ్చు. ఇంకా పట్టినా పట్టొచ్చు."

"అప్పటిదాకా ఏం చేస్తారు?"

"నీళ్ళు పోస్తాను" అన్నాడు పద్మనాభం.

అక్కడి మట్టి ఎర్ర బంకమన్ను. వానపడితే జిగురు, ఎండితే ఇటుక. ఆయన మట్టిని ఎత్తుగా దిబ్బలు పోసి, మూడు పాదులు చేసి, పైన చెక్కపొట్టు పరిచాడు. లావుపాటి గుంజలు పాతి, ఇనప తీగలు లాగి, పందిరి వేశాడు. మొదటి రెండేళ్ళూ అవి బతికున్నాయో లేదో కూడా తెలిసేది కాదు. మూడో ఏడు ఒక్కసారిగా అందుకున్నాయి. పొద్దున చూసిన కొస సాయంత్రానికి ఇంకో గుంజ ఎక్కేది. ఆ ఆకుల వాసనకేమో, వీధిలో పిల్లులన్నీ వచ్చి పాదుల్లో పడి దొర్లేవి. రోజూ పొద్దున ఆయన పచ్చ పైపు చేతబట్టుకుని, పిల్లుల్ని మెల్లగా అదిలిస్తూ, ఒక్కో పాదు దగ్గరా వంగి కూచునేవాడు. అంతసేపు ఏం చేస్తాడో ఆవిడెప్పుడూ అడగలేదు.

అనారోగ్యం ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం. గరిటె అనాల్సిన చోట "ఆ కలిపేది" అన్నాడు ఒకరోజు. అంకెలన్నీ నాలుక చివర ఉండే మనిషి, స్పందన ఫోన్ నంబరు కోసం తడుముకున్నాడు. స్పందన వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, అర్కన్సాలోని బెంటన్‌విల్‌లో ఉద్యోగం. "వయసు, నిద్ర చాలడం లేదు" అనుకుంది చాముండేశ్వరి. అన్యుల ఒంట్లో రోగాన్ని గోరంత ముక్కలో పట్టేసే మనిషి, తన ఇంట్లో దాన్ని ఏడాది పాటు చూస్తూ చూడలేదు. 2006 వేసవిలో ఆయన పక్క ఊరు మోరిస్‌విల్‌లోని గుడికని కారులో బయల్దేరి, డర్హం అవతల ఏదో పెట్రోలు బంకు నుంచి ఫోన్ చేశాడు. "చాముండీ, ఇక్కడ రోడ్లు మార్చేశారు" అన్నాడు.

న్యూరాలజిస్టు గదిలో మెదడు స్కాన్ బొమ్మల్ని తెర మీద వేశారు. ఎవరూ వివరించనక్కర్లేదు, ఆవిడకు చదవడం వచ్చు. ఆ యువడాక్టరు గనక "ఏమో, కావచ్చు, చూద్దాం" అంటే బావుండునని ఆ ఒక్కరోజూ ఆవిడ మనసారా కోరుకుంది. ఆయన అలా అనలేదు. అల్జీమర్స్ అన్నాడు.

ఆవిడ ఉద్యోగం మానేసింది. కారు తాళాలు ఆవిడ దగ్గరికి వచ్చాయి. తర్వాత బ్యాంకు పనులు, తర్వాత పొయ్యి, తర్వాత ఇస్త్రీపెట్టె. ఒక్కొక్కటే ఆయన చేతుల్లోంచి వచ్చేశాయి. ఆయన అడ్డు చెప్పేవాడు కాదు. మిగిలింది పొద్దున్నే నీళ్ళు పోయడం ఒక్కటే. తెలుగువాళ్ళెవరైనా "పద్మనాభం గారు కనబడటం లేదే" అంటే "కాస్త ఒంట్లో బాగోలేదు" అనేది. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి చెప్పలేకపోయిన మొదటి సంగతి ఇదే.

మరుసటి ఏడు మార్చిలో ఎండలు ముందే వచ్చి, కివీ తీగలు ఒళ్ళంతా చిగిర్చాయి. ఆ చిగుళ్ళ మధ్య ఆవగింజల్లా మొట్టమొదటి మొగ్గలు. సరిగ్గా ఈస్టర్ పండగనాడు చలి విరుచుకుపడింది. చాముండేశ్వరి పాత నేత చీరలు, దుప్పట్లు తెచ్చి పందిరికి చుట్టింది గానీ, తెల్లారి తీసి చూస్తే చిగుళ్ళన్నీ ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతున్నాయి. పద్మనాభం ఆ నల్లటి చిగురొకటి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మధ్యాహ్నానికి మరిచిపోయాడు. సాయంత్రం మళ్ళీ చూసి మళ్ళీ అలాగే నిలబడ్డాడు. ఒకే దుఃఖాన్ని ఆయన ఆ వారమంతా రోజుకు నాలుగైదుసార్లు కొత్తగా పడుతుంటే, ఆవిడ కిటికీ దగ్గర్నుంచి తప్పుకుంది.

మూడు వారాలకు తీగలు కింది కణుపుల్లోంచి మళ్ళీ చిగిర్చాయి. పూలు లేవు గానీ ప్రాణం ఉంది. అక్కణ్ణుంచే ఆయనకు నీళ్ళ యావ పట్టుకుంది. పొద్దున పోసేవాడు. పోసిన సంగతి మరిచి టిఫినయ్యాక పోసేవాడు. భోజనం చేసి వచ్చి, పైపు చూడగానే అయ్యో అనుకుని మళ్ళీ పోసేవాడు. బంకమట్టిలో నీళ్ళు ఇంకే దారి లేదు. జూన్‌కల్లా మధ్యలో ఉన్న ఆడతీగ ఆకులు పసుపుబారి, వాడి, గబ్బిలాల్లా వేలాడాయి.

చాముండేశ్వరి పెరట్లోకి వెళ్ళి, మొదటిసారి తన చేత్తో పాదు పక్కన మట్టి తవ్వి చూసింది. వేరు ముక్క ఒకటి చేతికొచ్చింది. తెల్లగా ఉండాల్సింది గోధుమరంగులో, మెత్తగా, కుళ్ళు వాసన. ఆవిడకు విషయం అర్థమైంది. వేరు కుళ్ళితే నీళ్ళు పైకెక్కవు, ఆకు వాడుతుంది. దాహంతో వాడిన ఆకూ అలాగే ఉంటుంది. ఆయన వాడిన ఆకును చూసి ఇంకా నీళ్ళు పోస్తున్నాడు.

"ఏమండీ, పోసేశారు. ఇంక వద్దు" అంది.

"లేదు, పొయ్యలేదు."

"పోశారు. ఇవాళ మూడోసారి. చూడండి, బురద."

"నేను పొయ్యలేదంటుంటే!"

రోజూ ఇదే. ఆవిడ రుజువులు చూపించేది, ఆయన మొహం ఎర్రబడేది. చివరికి ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా, ఆవిడ ఇంటి చెక్కనేల కింద ఉండే మోకాలెత్తు ఖాళీలో పాక్కుంటూ వెళ్ళి, పెరటి కొళాయికి వెళ్ళే వాల్వు కట్టేసి వచ్చింది. మర్నాడు పద్మనాభం ఎండిన పైపు పట్టుకుని వచ్చాడు.

"చాముండీ, నీళ్ళు రావడం లేదు."

"ఊళ్ళో నీళ్ళ కరువటండీ. కట్టేశారు."

అది అబద్ధం. కానీ ఆ వేసవి ఆ అబద్ధాన్ని నిజం చేసింది. వానలు మొహం చాటేశాయి. జలాశయాలు అడుగంటుతున్నాయని టీవీలో రోజూ చూపించారు. పచ్చికలు గోధుమరంగుకు తిరిగాయి, నీళ్ళ వాడకం మీద ఊరు ఆంక్షలు బిగించింది. కివీ పాదులు నిజంగానే ఎండటం మొదలుపెట్టాయి. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి దొంగచాటుగా పోసేది. ఆయన మాత్రం ఆ సాయంత్రపు ఎండలో ఆకులు వాలిపోవడమే చూసేవాడు. వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తీసుకుని పందిరి వైపు పోతుంటే ఆవిడ అడ్డం వెళ్ళింది ఒకసారి. ఆయన ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు.

"మీరెవరండీ?" అన్నాడు. "ఎందుకలా అడ్డుపడతారు? మీకేం చేశాయవి?"

పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆవిడను "నువ్వు" అనే అన్నాడు, కోపంలోనూ ప్రేమలోనూ. ఆ "మీరు" చాముండేశ్వరికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. గ్లాసు ఆయన చేతికే వదిలేసి లోపలికి వచ్చి కూచుంది.

జూలైలో స్పందన వచ్చింది. నాలుగు రోజులు చూసి తల్లి పక్కన చేరింది. "అమ్మా, నువ్వు ఒక్కదానివి ఎలా చేస్తావ్? నాన్నలాంటి వాళ్ళని చూసుకునే మంచి ప్లేసెస్ ఉన్నాయి, నేను టూర్ చేశాను కూడా."

"ఇప్పుడే కాదు."

"అయితే ఆ ప్లాంట్స్ అయినా తీసేయ్. అవి చూస్తేనే నాన్న అప్‌సెట్ అవుతున్నాడు కదా."

చాముండేశ్వరికి ఆ మాట సబబుగానే తోచింది. రంపం ఎక్కడుందో కూడా చూసుకుంది. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంది.

ఆ వచ్చే వారమే, ఆగస్టు మొదట్లో, ఒక మిట్టమధ్యాహ్నం ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. గరాజ్‌లో ఉండాల్సిన నీలం బకెట్ లేదు. వీధిలో ఆ చివర నుంచి ఈ చివరి దాకా మనిషి లేడు. తడి జుట్టుతోనే పక్కింటి తలుపు బాదింది. ఆ ఇంట్లో అద్దెకుండే దివాకర్ కరీంనగర్ కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరోజు ఇంటి నుంచే పనిచేస్తున్నాడు.

"ఏమైంది ఆంటీ?"

"అంకుల్ కనబడటం లేదు." ఆగింది. అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట అనాల్సి వచ్చింది. "ఆయనకు అల్జీమర్స్, దివాకర్. దారి తెలీదు. గరాజ్‌లో బకెట్ కూడా లేదు."

"బకెట్ తీస్కపోయిండా? అయితే నీళ్ళున్న తాననే ఉంటడు ఆంటీ. నడువుండ్రి" అని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు.

ఆ కాలనీ వెనక వాననీళ్ళు పట్టడానికి తవ్విన చెరువొకటి ఉంది. చుట్టూ నడకదారి. కరువుకు నీళ్ళు నడిమధ్యకు కుంచించుకుపోయి, చుట్టూ మట్టి పెచ్చులు పెచ్చులుగా పగిలి ఉంది. పైకి నేలలా కనబడుతుంది గానీ అడుగున బురద. నీటికి పదడుగుల దూరంలో పద్మనాభం తొడల దాకా దిగబడిపోయి నిలబడి ఉన్నాడు. ఎండకు తల, మెడ కందిపోయాయి. బకెట్ గుండెలకు పట్టుకుని ఉన్నాడు. దివాకర్ గబగబా దిగబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"జాగ్రత్త బాబూ. ఇక్కడ దిగబడుతుంది" అన్నాడు.

నడకకు వచ్చిన ఒక తెల్లాయన, దివాకర్ కలిసి, ఎండిన కొమ్మలు, బెంచీ నుంచి ఊడదీసిన ఒక చెక్క పలక పరిచి, దాని మీద బోర్లా పడుకుని చేతులందించారు. బురద ఆయన్ను వదలనంది. ఒక బూటును ఉంచేసుకుని చివరికి మనిషిని వదిలింది. చాముండేశ్వరి గట్టు మీద నిలబడి చూస్తోంది. ఎందరి ప్రాణాల సంగతో తేల్చి చెప్పిన మనిషి, ఆ కాసేపూ కాలూ చెయ్యీ ఆడక నిలబడిపోయింది. ఒడ్డుకు రాగానే ఆయన వెనక్కి తిరిగాడు.

"నీళ్ళు ముంచలేదు. ఎండిపోతున్నాయి అక్కడ" అన్నాడు.

ఇంటికి తెచ్చి, స్నానాల గదిలో స్టూలు మీద కూచోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో ఆవిడే బురద కడిగింది. కాలి వేళ్ళ సందుల్లోంచి కూడా మట్టి తీసింది. ఆయన చిన్నపిల్లవాడిలా ఒళ్ళప్పగించి కూచున్నాడు. కాసేపటికి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు.

"ఆ ఇంట్లో ఒకావిడ ఉంది. నీళ్ళు కట్టేసింది."

చాముండేశ్వరి చేయి ఆగింది. "ఎవరావిడ?"

"ఏమో. మంచావిడే. అన్నం పెడుతుంది." కాస్త ఆలోచించాడు. "మొక్కల సంగతి తెలీదు, అంతే. ఎవరూ చెప్పలేదు కాబోలు."

ఆవిడ ఆయన వీపు మీద నీళ్ళు పోస్తూ, తన మొహం ఆయనకు కనబడకుండా వెనక్కి జరిగింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఇంటి కింద దూరి వాల్వు తిప్పేసింది. పైపులో నీళ్ళు వచ్చాయి. ఇంక చచ్చేవి చస్తాయి, ఈయన్ని మాత్రం ఆ చెరువు వైపు పోనివ్వను అనుకుంది. పద్మనాభం పైపు అందుకుని పందిరి కిందికి వెళ్తుంటే వెనకే వెళ్ళి నిలబడింది. రాత్రంతా ఆయన మాటే ఆవిడ చెవిలో తిరిగింది. ఎవరూ చెప్పలేదు కాబోలు. ఆవిడ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఇప్పుడు అడిగింది:

"నాకు మొక్కల సంగతి తెలీదండీ. నీళ్ళు ఎలా పొయ్యాలో నేర్పిస్తారా?"

ఆయన తిరిగి చూశాడు. ఎన్నో నెలలుగా ఆ మొహంలో లేని వెలుగు ఒకటి వచ్చింది. పైపు కింద పెట్టేశాడు.

"కూచోండి" అన్నాడు.

ఆవిడ మోకాళ్ళ నొప్పితోనే పాదు పక్కన కూచుంది. ఆయన చెక్కపొట్టు పక్కకు తోశాడు.

"ముందే పొయ్యకూడదు. ముందు అడగాలి. వేలు పెట్టండి. ఇంకా లోపలికి. తడి తగిలిందా?"

"తగిలింది."

"అయితే ఇవాళ దీనికి నీళ్ళు వద్దు." నిదానంగా, లాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. "దీని వేళ్ళు పైపైనే ఉంటాయి. ఆకులు పెద్దవి. అందుకని దాహం ఎక్కువ. అలాగని మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే ఊపిరాడదు. తాగించాలి, ముంచకూడదు. అర్థమైందా?"

"అయింది."

"మీరు త్వరగా నేర్చుకుంటారు" అన్నాడు పద్మనాభం మెచ్చుకోలుగా, మగతీగ దగ్గరికి జరుగుతూ.

అన్నేళ్ళు పొద్దున పూట ఆయన వంగి కూచుని చేస్తున్నది ఇదన్నమాట. భార్య పేరు మరిచిన మనిషికి ఇదంతా పొల్లుపోకుండా ఉంది. ఆవిడ ఎన్నిసార్లు బురద చూపించినా నమ్మనివాడు, తన వేలికి తగిలిన తడిని మాత్రం నమ్మాడు.

ఆరోజు నుంచి అదే వాళ్ళ దినచర్య అయింది. భోజనమయ్యాక ఆయన మళ్ళీ పైపు వైపు నడిస్తే ఆవిడ "పోశారు కదా" అనడం మానేసింది. "ఇంకోసారి చూపించరా, సరిగ్గా రాలేదు నాకు" అనేది. ఇద్దరూ వెళ్ళి వేలు పెట్టి చూసేవాళ్ళు. తడి ఉంటే ఆయన తృప్తిగా లేచేవాడు. అన్ని రోజులూ ఇలాగే గడిచాయని కాదు. కొన్నిసార్లు పాఠం మధ్యలోనే విసుగొచ్చి పైపు తిప్పేసేవాడు, పాదు నిండేది. కొన్నిసార్లు ఏ కారణమూ లేకుండా ఏడ్చేవాడు. ఒకసారి ఆడతీగను చూపించి "ఇది మగది" అన్నాడు. దిద్దడానికి చాముండేశ్వరి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. "అలాగా" అంది. ఆ మాట అనడం తనకు అంత కష్టమని ఆవిడకు అప్పుడే తెలిసింది.

మధ్యలో ఉన్న ఆడతీగ బతకలేదు. శరదృతువులో దివాకర్ వచ్చి దాన్ని పెకలించి తీసేశాడు. అతని భార్య శ్రుతి ఆ మధ్య నుంచే రోజూ ఓ గంట వచ్చి పద్మనాభం దగ్గర కూచోవడం మొదలుపెట్టింది. ఆ గంటలో చాముండేశ్వరి బజారు పని చూసుకునేది. చెరువు సంగతి క్యారీ అంతా తెలిసిపోయింది. ఆవిడ ఇంక ఎవరి దగ్గరా "కాస్త ఒంట్లో బాగోలేదు" అనలేదు.

మరుసటి మే నెలలో ఆ మిగిలిన రెండు తీగలూ పూశాయి. ఆకుల కింద మీగడరంగు చిన్న పూలు, తేనెటీగల రొద. స్పందన అప్పుడు వారం సెలవు పెట్టుకుని వచ్చింది. పొద్దున్నే తల్లి పక్కన తనూ పాదు దగ్గర కూచుంది.

"నువ్వూ నేర్చుకుంటావా? నీ పేరేమిటమ్మా?" అన్నాడు పద్మనాభం.

ఆ పిల్ల ఒక్క క్షణం తల్లి వైపు చూసింది. "స్పందన."

"మంచి పేరు. ఎవరు పెట్టారు?"

"మా నాన్న పెట్టాడు."

"తెలిసినవాడే" అని, ఆయన ఆమె వేలు పట్టుకుని మట్టిలోకి దించాడు. స్పందన ఆ వారమంతా రోజూ పాఠానికి వచ్చింది. మంచి ప్లేసెస్ గురించి మళ్ళీ మాట్లాడలేదు. బెంటన్‌విల్ నుంచి నెలకోసారి రావడం మొదలుపెట్టింది.

ఆ ఏడు కాయలు నిలవలేదు. పిందెలన్నీ రాలిపోయాయి. 2009లో నిలిచి, సెప్టెంబరుకు పండాయి. అప్పటికి పద్మనాభం మాటలు బాగా తగ్గిపోయాయి. నడకా తగ్గింది. పందిరి కింద కుర్చీ వేసి కూచోబెడితే చాముండేశ్వరి పాదు దగ్గర కూచుని, వేలు పెట్టి, "తడి ఉందండీ" అని పైకి చెప్పేది. ఆయన తలూపేవాడు. మెత్తబడిన పండొకటి కోసి, కడిగి, ఆయన నోట్లో పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు.

"బావుంది" అన్నాడు. "ఎవరు వేశారు?"

"మీరే."

"నేనా?" ఆశ్చర్యపోయాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "మంచి పని చేశానే."

ఆ "చేశానే" అనడంలో పాత చనువు ఉన్నట్టు ఆవిడకు వినిపించింది. తనతోనే అన్నాడో, గాలితో అన్నాడో తెలీదు. ఆవిడ తేల్చుకోవాలని చూడలేదు.

2011 జనవరిలో ఆయన న్యుమోనియాతో పోయాడు, తన మంచం మీదే. స్పందన పక్కన ఉంది. కర్మకాండలు మోరిస్‌విల్ గుడి పంతులుగారి చేత చేయించారు. కూతురు తనతో వచ్చెయ్యమంటే చాముండేశ్వరి వెళ్ళి నెల రోజులుండి, తిరిగి వచ్చేసింది. తీగల్ని కత్తిరించే కాలం అది. శ్రుతి నిచ్చెన పట్టుకుంటే, ఆవిడ పాత కొమ్మలన్నీ తీసేసింది. ఏప్రిల్‌లో చిగురు వచ్చింది.

ఆ నెలలోనే నళిని ఫోన్ చేసింది. నళిని, ఆమె భర్త వాసుదేవరావు ఆ ఊళ్ళోనే పాత స్నేహితులు. ఆయన సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. నళిని గొంతు తగ్గించి మాట్లాడింది.

"వదినా, అన్నయ్యగారికి మొదట్లో ఎలా ఉండేది?"

చాముండేశ్వరికి ఇంక ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "ఇప్పుడేం చేస్తున్నారు ఆయన?"

"సింకు కింద పైపు బాగాలేదంటారు. రోజూ విప్పుతారు, బిగిస్తారు. అది బాగానే ఉందంటే నా మీద అరుస్తున్నారు. నిన్న రెంచి విసిరేశారు." నళిని ఏడుస్తోంది. "ఎవరితోనూ అనకండి వదినా."

"వస్తున్నాను" అంది చాముండేశ్వరి.

వెళ్ళేసరికి వంటింటి నేల మీద పాత తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. వాసుదేవరావు సింకు కింద తల దూర్చి కూచున్నాడు. నళిని గుమ్మంలోనే ఆపి, "మీరైనా చెప్పండి, మీ మాటంటే ఆయనకు గురి" అంది. చాముండేశ్వరి చెప్పులు విప్పి, లోపలికి వెళ్ళి, ఆ తువ్వాళ్ళ మీదే ఆయన పక్కన కూలబడింది.

"అన్నయ్యగారూ, ఇది ఎలా బిగిస్తారు? నాకు బొత్తిగా తెలీదు."

వాసుదేవరావు తల బయటికి పెట్టి ఆవిడ వంక అనుమానంగా చూశాడు. తర్వాత కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. ముందు వాషర్ చూపించాడు. దాని తర్వాత మరలు ఎటు తిరుగుతాయో చెప్పాడు, బఫెలోలో తను కట్టించిన వంతెన సంగతి చెప్పాడు, మళ్ళీ వాషర్ దగ్గరికి వచ్చాడు. ఆవిడ వింటూ కూచుంది. నళిని కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, మేడ మీదికి వెళ్ళి, చాలా రోజుల తర్వాత పట్టపగలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.